నడిమింటి నీలం

ఓబులు సొంతంగా సున్నం కొట్టి పూర్తిచేసిన మొదటి ఇల్లు, ఆ ఇంట్లో ఒక్కరికీ నచ్చలేదు.

పని చెడిందా అంటే, లేదు. సున్నం మూడుసార్లు వడగట్టాడు. గోడల మీద వెతికినా ఒక్క చార కనబడదు. సుంకమ్మ ఇంట్లో ఎవరు ఏ రంగు కావాలంటే ఆ రంగే కలిపిపెట్టాడు. పెద్దకోడలి గదికి గులాబీ, చిన్నకోడలి గదికి చిలకపచ్చ, వంటింటికి పసుపు, సుంకమ్మ భర్త పడుకునే ముందు గదికి జేగురు ఎరుపు. ఇక అందరూ దాటిపోయే నడిమింటికి ఏ రంగు కావాలో ఎవరూ చెప్పలేదు. అక్కడ ఓబులు తన నీలం వేశాడు.

ఆ నీలం సంగతి కాస్త చెప్పాలి. నీలిమందు మూడు రోజులు నూరి, పలచటి గుడ్డలో వడగట్టి తీసిన రంగు అది. తనకు పని నేర్పిన మౌలాలి తాత చేతికి కూడా అంత నిగారింపు ఎప్పుడూ రాలేదని ఓబులు మనసులో అనుకున్నాడు. మనసులోనే ఉంచుకుంటే బాగుండేది. ఇద్దరు ముగ్గురి దగ్గర బయటికే అన్నాడు.

తలుపు మూసుకుని చూస్తే ఏ గదికా గది ముచ్చటగానే ఉంది. తలుపులన్నీ తెరిచేసరికి మాత్రం తిరునాళ్లలో గాజుల కొట్లు వరసగా పెట్టినట్టు ఉంది ఇల్లు. పచ్చగది వల్లే తన గది వెలవెలపోయిందని పెద్దకోడలు అంది. ఆ గులాబీని చూస్తే కళ్లు తిరుగుతున్నాయని చిన్నకోడలు అంది. అన్నదమ్ములిద్దరూ పెళ్లాల వైపు నిలబడి మాటా మాటా అనుకున్నారు. ఆ ఇంట్లో వేరు కుంపటి మాట అంతకుముందు నుంచే నలుగుతోంది. ఇప్పుడు గోడలు కూడా దానికి వంత పాడసాగాయి.

మంగళవారం నాడు సుంకమ్మ ఓబులును పిలిచింది.

"నాయనా, నీ పనిలో తప్పు పట్టను. శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ ఇది ఒక ఇల్లు మాదిరి లేకపోతే, వేరే మనిషిని పిలిచి మొత్తం తెల్లసున్నం కొట్టిచ్చేస్తా."

ఓబులు లెక్క వేసుకున్నాడు. మొదటి ఇంటి మీదే ఇంకొకడు సున్నం కొట్టాడంటే, ఆ చుట్టుపక్కల పదూళ్లలో ఇక తనను పిలిచేవాళ్లు ఉండరు. నేరుగా పోయి మౌలాలి తాత ముందు కూర్చున్నాడు.

గుత్తి చుట్టుపక్కల తాతను సున్నం కొట్టే మనిషిగా ఎరిగినవాళ్లు కొందరు, ఫకీరుగా ఎరిగినవాళ్లు కొందరు. ఆయనకు మాత్రం ఆ రెండు పనులూ ఒకటే. మనసు బాగాలేదని వెతుక్కుంటూ వచ్చినవాడికి కూడా ముందు ఒక కుంచె ఇచ్చి గోడ చూపించేవాడు. సగంమంది ఆ పూటకే ఇంటిదారి పట్టేవాళ్లు. ఓబులు పన్నెండేళ్లు నిలిచాడు.

"ఒకే రంగు వేస్తే ఇల్లు ఎవురిదీ కాకుండా పోతాది తాతా. తలా ఒక రంగు వేస్తే అది ఇల్లే కాకుండా పోయింది. నన్నేం చెయ్యమంటావు?"

తాత మర్నాడు పొద్దున్నే తలగుడ్డ చుట్టుకుని, తన కుంచె తీసుకుని బయలుదేరాడు.

సుంకమ్మ ఇంట్లో ముందు వాకిలి నుంచి వంటింటి దాకా ఒకసారి నడిచాడు, తిరిగి వచ్చాడు. ఏ గోడనూ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. నీలం గోడ పక్కన ఓబులు అడుగు నెమ్మదించింది. తాత అడుగు నెమ్మదించలేదు.

"సుంకమ్మా, ఈ గోడలు పెట్టేదానికి మన్ను యాడ తవ్వినారు?"

"దొడ్లోనే అన్నా. ఆ గుంత ఇంకా అట్లనే ఉండాది."

తాత ఆ గుంతలో దిగి గంపెడు మన్ను తవ్వాడు. నీళ్లు పోసి కలిపాడు. ఇసుకా రాళ్లూ అడుక్కి దిగాక, పైన నిలిచిన మెత్తటి బురదను గుడ్డలో వడగట్టి ఒక కుండలో పట్టాడు. ఓబులు కలిపిన ఐదు రంగుల బానలూ వరసగా పెట్టించాడు.

"ఒక్కోదాంట్లో రెండు గరిటెలు పొయ్యి."

ఓబులు నివ్వెరపోయాడు. "బురదనా తాతా? రంగుల్లోనా?"

"గోడ కూడా బురదే గదా అబ్బీ."

గురువు మాట. కాదనలేక గరిటె అందుకున్నాడు. గులాబీలో పోశాడు, పచ్చలో పోశాడు, పసుపులో పోశాడు, జేగురులో పోశాడు. ఐదో బాన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"దీంట్లో వద్దు తాతా. ఇది సరిగ్గానే ఉండాది. తప్పంతా ఆ నాలుగిట్లోనే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడితో వాదించే ఓపిక లోకంలో చాలామందికి ఉంటుంది. తాతకు లేదు.

"సరే, వద్దులే" అన్నాడు.

ఇద్దరూ కలిసి నాలుగు గదులకూ మరో పూత వేశారు. నడిమింటికి మాత్రం ఓబులు ఒక్కడే, ఆ నీలమే, ఇంకా శ్రద్ధగా వేశాడు. సున్నం తడి మీద ఉన్నప్పుడు చూపించే రంగును నమ్మడానికి లేదు. ఆరేదాకా ఆగాల్సిందే.

గురువారం పొద్దున తాత తలుపులన్నీ బార్లా తెరిపించి, తాను బయటి అరుగు మీద కూర్చున్నాడు. ఓబులును లోపలికి పోయి చూడమన్నాడు.

గులాబీ గులాబీగానే ఉంది. పచ్చ పచ్చగానే ఉంది. ఎవరి గది వాళ్లదే. అయినా నాలుగింటికీ ఒక తల్లి పిల్లల్లా ఎక్కడో పోలిక వచ్చింది. నడిమింట్లో నీలం మాత్రం, పెళ్లికి వచ్చి ఎవరితోనూ కలవకుండా జరీ కండువా సర్దుకుంటూ కూర్చున్న చుట్టంలా మెరిసిపోతోంది. ఏ గదిలో నుంచి ఏ గదిలోకి చూసినా, మధ్యలో అదే అడ్డం.

ఓబులుకు సిగ్గేసింది. ఆ వెనకే ఏడుపు కూడా వచ్చింది. పన్నెండేళ్లలో తన చేతికి దొరికిన ఒకే ఒక్క గొప్ప రంగు అది.

బయటికి వచ్చాడు. ఓబులు దొడ్లోకి పోయి, గుంతలో దిగి, తానే మన్ను తవ్వి, కలిపి, వడగట్టి తెచ్చాడు. గరిటె ముంచి నీలం బాన మీద పట్టుకుని నిలబడ్డాడు.

"నా నీలం పోతాది తాతా."

"నీలం ఉంటాది" అన్నాడు తాత.

ఓబులు గరిటె వంచాడు. కలిపి, ఆ సాయంత్రానికే నడిమింటి గోడలన్నిటికీ మరో పూత వేశాడు.

శుక్రవారం పొద్దెక్కాక సుంకమ్మ చేను నుంచి వంకాయల గంపతో వచ్చింది. ఓబులు ముందు గది గోడ పక్కన చేతులు కట్టుకుని నిలుచున్నాడు. ఆమె ముందు గది దాటింది. నడిమిల్లు దాటింది. గులాబీ గది ముందు పెద్దకోడలిని, పచ్చ గది ముందు చిన్నకోడలిని పేరు పెట్టి కేకేస్తూ, గంప దించకుండా వంటింట్లోకి పోయింది.

"ఒకరు వంకాయలు తరగండి, ఒకరు పొయ్యి రాజెయ్యండి. పొద్దుపోతా ఉండాది!"

కోడళ్లిద్దరూ ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్లారు. కాసేపటికి ఉప్పు ఎక్కువైందని ఒకరు, కాలేదని ఒకరు వాదించుకోవడం వినబడింది. వేరే మనిషి మాట గానీ తెల్లసున్నం మాట గానీ ఎవరూ ఎత్తలేదు.

ఓబులు వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఒక్క మాటన్నా అనలేదు తాతా. గోడల దిక్కు కూడా చూళ్లేదు."

తాత కుంచె కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"యాడన్నా ఆగిందా?"

ఓబులు వాకిట్లోంచి వంటింటి దాకా చూశాడు. చూపు కూడా ఎక్కడా ఆగలేదు. తర్వాత తన కుంచె కూడా తెచ్చుకుని, తాత పక్కన కూర్చుని కడగసాగాడు.