తెర చాటున ఇచ్చిన సాయం

అనగనగా ఒక రాజ్యం. రాజ్యమన్నాక రాజు ఉంటాడు. రాజన్నాక భండారం ఉంటుంది. భండారమన్నాక దాని తాళంచెవి ఎవరో ఒకరి మొలలో ఉంటుంది. ఆ తాళంచెవి దగ్గరే కథ మొదలవుతుంది పిల్లలూ. రాజులు మారారు, రాజ్యాలు మారాయి, ఈ కథ మాత్రం మారలేదు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. అయినా చెబుతాను, వినండి.

ఆ రాజ్యం పేరు కుంభగిరి. రాజు పేరు ప్రసన్నవర్మ. మనిషి మంచివాడే. ఆ ఊళ్లో ఒక అంగడి వీధి ఉండేది. అందులో అన్నీ తాటాకు కొట్లే. గాజులమ్మే గవరమ్మ, ఆ పక్కన దువ్వెనలు చేసే పైడయ్య, ఎదురుగా పూలమ్మే ముసలి నూకాలమ్మ, ఇంకా అలాంటివాళ్లే ఎందరో. ఏ పూటకా పూట అమ్ముకుంటే ఆ పూట పొయ్యి వెలిగేది.

ఒక వేసవి మిట్టమధ్యాహ్నం ఆ వీధికి నిప్పంటుకుంది. నీళ్లు తెచ్చేలోపే కొట్లన్నీ బూడిదయ్యాయి. గవరమ్మ గాజులు కరిగి ముద్దకట్టాయి.

ఆ వీధికి ఒక పాత కట్టుబాటు ఉంది. తొలకరి పడేనాటికి కొట్టు లేవని జాగా వేరొకరికి పోతుంది. గవరమ్మది అత్తగారి కాలంనాటి జాగా. అది పోతే గంప నెత్తినెత్తుకుని ఊరూరా తిరగాలి. మోకాళ్ల నొప్పులతో ఆమె తన వీధి దాటడమే కష్టం.

రాజుకు సంగతి తెలిసింది. భండారం చూసే చక్రపాణిని పిలిచాడు.

"కాలిపోయిన ప్రతి చిన్న కొట్టుకూ కలప ఇవ్వు. సరుకు తెచ్చుకోవడానికి పైకం ఇవ్వు" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "ఇచ్చినట్టు చాటుకుంటే పుణ్యం పోతుంది. గుప్తదానంగా ఇవ్వు. ఎవరు పుచ్చుకున్నారో మూడో కంటికి తెలియకూడదు. పాపం, వాళ్ల పరువు పోతుంది."

"చిత్తం ప్రభూ" అని చక్రపాణి తల వంచాడు. అంత వినయంగా అతను ఏనాడూ తల వంచి ఉండడు.

భండారం వెనక వాకిలికి ఒక తెర కట్టారు. గవరమ్మ ఆ తెర ముందుకెళ్లి నిలబడింది.

"నీ వంతు ఇంకా రాలేదు" అన్నాడు చక్రపాణి.

"మరి ఎవరి వంతు వచ్చిందండీ?"

"అది చెప్పకూడదు. గుప్తదానం."

ఆమె ఉసూరుమంటూ వీధికి తిరిగొచ్చింది. వచ్చేసరికి పైడయ్య తన జాగాలో రెండు వెదుళ్లు పాతుతున్నాడు. నిజానికి అవి భార్య కడియాలు అమ్మి కొన్నవి. గవరమ్మకు ఆ సంగతేం తెలుసు? ఓహో, వంతు వచ్చింది ఈయనకన్నమాట అనుకుంది. భండారం వైపు నుంచి వస్తున్న ఆమెను చూసి పైడయ్య కూడా అచ్చం అలాగే అనుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

రోజులు గడిచాయి. వీధిలో కొట్లు లేవలేదని రాజు చెవిన పడింది. "మళ్లీ ఇవ్వు" అన్నాడు. చక్రపాణి మళ్లీ చిత్తమన్నాడు. మళ్లీ కలప కదిలింది. మళ్లీ అదే తెర, అదే జవాబు. ఈసారి వీధంతా ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలైంది. ఎవరింట్లో పోపు వాసనొచ్చినా, అదిగో వీళ్లకే అందింది అనుకునేవారు.

నూకాలమ్మ ఒకరితోనూ పోట్లాడలేదు. "అందరూ పంచుకున్నారు. ముసలిదాన్ని నన్నొక్కదాన్నే వదిలేశారు" అని ఖాళీ పూలబుట్ట చంకన పెట్టుకుని ఊరొదిలి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. ఆమెకే ముందు అందింది కాబోలు, అందుకే జారుకుంది అనుకున్నారు.

రాజు అడిగితే చక్రపాణి నిట్టూర్చాడు. "ఇచ్చాం ప్రభూ. జనానికి ఎంతిచ్చినా తృప్తి ఉండదు." రాజు కూడా నిట్టూర్చాడు. ఆ రాజ్యంలో అప్పటికి అందరూ అలసిపోయారు, ఒక్క చక్రపాణి తప్ప.

ఆకాశం మబ్బు పట్టింది. ఇక లాభం లేదని గవరమ్మ అభిమానం చంపుకుని పైడయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నీకు రెండుసార్లు అందింది కదా. నాలుగు కర్రలు బదులియ్యి. జాగా నిలబెట్టుకుంటాను."

పైడయ్య తెల్లబోయాడు. "నాకందడమేంటమ్మా? నీకే అందిందని నేను ఇన్నాళ్లూ కుళ్లి చస్తున్నాను."

ఇద్దరూ కలిసి వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ప్రతి ఒక్కరినీ అడిగారు. అందరిదీ ఒకటే మాట. నాకు కాదు, పక్కవాడికి అందింది. పక్కవాడు కూడా అదే అన్నాడు. నూకాలమ్మను తలుచుకుని గవరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

వీధి వీధంతా కలిసి కొలువుకు వెళ్లారు.

చక్రపాణి తొణకలేదు. "ప్రభూ, పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకోలేదంటారు. ఎదుటివాళ్ల ముందు ఒప్పుకోవాలంటే సిగ్గు కదా."

రాజు గవరమ్మ వైపు తిరిగాడు. "దీనికేమంటావమ్మా? నీ పరువు కోసమే కదా తెర కట్టించాను?"

"మా కొట్లు తగలబడటం ఊరంతా చూసింది మహారాజా. ఇంక దాచుకోవడానికి మాకేం మిగిలింది?" అంది గవరమ్మ. కోపంగా అనలేదు. కోపానికి ఓపిక లేదు. "తమరి కంచంలో అన్నం తీసిస్తే చాటుగానే ఇవ్వండి, ఆ పుణ్యం తమరిది. భండారంలో ఉన్నది మేం కట్టిన సుంకం. అది కట్టించుకునేటప్పుడు తమరి మనుషులు నడివీధిలో నిలబడి, పేరుపేరునా కేకేసి తీసుకెళ్లారు. అప్పుడు లేని తెర ఇచ్చేటప్పుడే ఎందుకొచ్చింది మహారాజా?"

రాజు చాలాసేపు తల దించుకున్నాడు. తరవాత చక్రపాణితో, "నడు. ఎవరెవరికి ఇచ్చావో ఆ వీధిలోనే, అందరి ముందు చెప్పు" అన్నాడు.

అంగడి వీధిలో, పట్టపగలు, సుంకానికి కేకవేసేవాడే డప్పు కొట్టాడు. జనం మూగారు.

"గాజుల గవరమ్మకు ఇచ్చాను" అన్నాడు చక్రపాణి.

"అందలేదు" అంది గవరమ్మ.

"దువ్వెనల పైడయ్యకు ఇచ్చాను."

"అందలేదు బాబూ."

"పూల నూకాలమ్మకు..."

ఎవరూ పలకలేదు. ఆ మౌనం భరించలేక కాబోలు, వెనక నుంచి ఒక బండివాడు ముందుకొచ్చాడు. "మహారాజా, కలప రెండుసార్లూ నా బండి మీదే వెళ్లింది. ఓడల వ్యాపారి మణిదత్తుడుగారి కొత్త మేడకు తోలాను. ఇదేంటని అడిగితే గుప్తదానం, నోరెత్తకన్నారు. ఆ పైన నన్నెవరూ అడగలేదు."

మణిదత్తుడిది రాతి మేడ. నిప్పు ఆ దరిదాపులకే పోలేదు. కలపతోపాటు పైకం కూడా అటే వెళ్లిందనీ, అందులో చక్రపాణికి సగం వాటా ఉందనీ ఆ సాయంత్రానికే తేలింది. ఇద్దరికీ శిక్ష పడింది. కానీ మేడకెక్కిన కలప సగమే దిగింది. ఖర్చయిన పైకం రానేలేదు.

మిగిలినదాన్ని మూడోసారి అదే వీధిలో, అదే డప్పు కొట్టి, పేరుపేరునా పిలిచి పంచారు. ప్రతివాడూ నలుగురి ముందూ అందుకుని "అందింది" అన్నాడు. గవరమ్మ కొట్టు లేచింది. మూడు వైపులే దడి, కప్పు కూడా అరకొరే. అయినా తొలకరికి జాగా నిలిచింది.

నూకాలమ్మ కోసం రాజు నాలుగు దిక్కులకూ మనుషుల్ని పంపాడు. ఆమె దొరకలేదు. ఇరుగుపొరుగు తనను మోసం చేశారనుకుంటూనే ఆమె ఎక్కడో ఉంది, లేదా పోయింది. ఆమెకు నిజం చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

అందుకే పిల్లలూ, ప్రజల సొమ్ము ప్రజలకిచ్చేటప్పుడు నలుగురి ఎదుటా ఇవ్వాలి. చాటున ఇస్తే పోయిన సొమ్ములో సగమైనా తిరిగొస్తుందేమో కానీ, మనుషుల మధ్య పోయిన నమ్మకం తిరిగిరాదు.