ఉప్పు పెట్టి రాయి వేసిన తిప్పక్క

ఎర్రకొండకు ఇంకా ఆ పేరు పెట్టని రోజుల్లో, మన ఊరికి బండి దారి కూడా లేని రోజుల్లో, మన తాతల తాతలకు తాతలు పిల్లలుగా ఉన్న రోజుల్లో జరిగిన మాట ఇది.

అప్పుడు ఈ ఊళ్లో తిప్పక్క అని ఒకతె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఊరి పశువులన్నీ తనే కాసేది. పొద్దున మందను కొండ కిందికి తోలుకుపోయేది, సాయంత్రం తోలుకొచ్చేది. ఇంటికొక సంగటి ముద్ద పెట్టేవాళ్లు. ఆమెకు ఉన్నది ఒక కర్ర, ఒక కంబళి, ఒక కుండ. కర్ర ఉంటేనే ముద్ద. కర్ర పోతే ఊరే పోయినట్టు.

ఒక ఏడు ఎండాకాలం ముదిరింది. కొండ మీద గుంటలు ఎండిపోయాయి. జింకలు వాగుకు దిగాయి. పశువులు తాగే నీళ్లే అవీ తాగాయి. పశువులు పడుకున్న నీడలోనే అవీ పడుకున్నాయి.

కొన్నాళ్లకు జింకలు చావడం మొదలుపెట్టాయి. ముందు కూనలు చచ్చాయి. తర్వాత ముసలివి చచ్చాయి. తర్వాత కొమ్ములున్న పోతులు కూడా తల దించుకుని నిలబడి, నిలబడిన చోటే కూలిపోయాయి.

ఊరు చూసింది. ఊరికి అనుమానం వచ్చింది. కొండదేవత కోపమన్నారు కొందరు. పై ఊరివాళ్లు వాగులో ఏదో కలిపారన్నారు కొందరు. అదేదో తెగులు, రేపు మన పశువులకు అంటుకుంటుంది, జింక కనబడితే తరిమి చంపాలన్నారు మిగిలినవాళ్లు.

తిప్పక్క చచ్చిన కూనను తిరగేసి చూసింది. చెవుల్లో, మెడ కింద, తొడల సందుల్లో ఆముదం గింజలంత పిడుదులు. నెత్తురు తాగి ఉబ్బి, గుత్తులు గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. ఒకదాన్ని పీకింది. పక్కనున్న ఆవు చెవిలోంచి ఇంకొకదాన్ని పీకింది. రెండూ అరచేతిలో పెట్టుకుంది. రెండూ ఒకటే.

ఆవుకైతే చెవులు పట్టుకుని కానుగ నూనె రాస్తుంది. జింకకు ఎవరు రాస్తారు? దగ్గరికి పోతే పారిపోతుంది. పట్టుకుంటే బెదిరి గుండె పగిలి చస్తుంది.

తిప్పక్క ఆలోచించింది. ఆవులు మెడ దురద పుడితే గుంజకు రుద్దుకుంటాయి కదా అనుకుంది. వాగు ఒడ్డున గుంట ఉన్న బండ ఒకటి ఉంది. ఆ గుంటలో ఉప్పు పోసింది. బండకు అటొక గుంజ, ఇటొక గుంజ పాతింది. తన కంబళి రెండుగా చించి, గుంజలకు చుట్టి, కానుగ నూనెతో తడిపింది. ఉప్పు నాకాలంటే తల రెండు గుంజల మధ్య దూర్చాలి. దూరిస్తే చెవులకు, మెడకు నూనె అంటుతుంది. చెయ్యి తగలకుండా చేసే వైద్యం.

జింకలకు కూడా అనుమానమే. మొదట దూరంగా నిలబడి చూశాయి. తర్వాత గాలి వాసన చూశాయి. తర్వాత ఒక ముసలి ఆడజింక వచ్చి తల దూర్చింది. దాని వెనక మిగిలినవీ వచ్చాయి.

ఈ సంగతి ఊరికి తెలిసింది. ఊరు నమ్మలేదు.

ముందు ఊరిపెద్ద నారపరెడ్డి వచ్చాడు. గుంజలు చూశాడు, ఉప్పు చూశాడు.

“ఏమ్మే తిప్పీ, ఈ ఉప్పు ఎవరికి?”

“జింకలకు సామీ.”

“జింకలు నీకు వియ్యపురాళ్లా, పిలిచి విందు పెడతాండావు? మనుషులకే ఉప్పు చాలక చప్పిడి సంగటి తింటాండాం. ఇది ఉప్పేనా, ఇంకేమన్నానా?”

తిప్పక్క బండ దగ్గర వంగి, గుంటలో ఉప్పు నాకింది.

రెడ్డి అక్కడే కూర్చున్నాడు. ఆమె పడిపోతుందేమోనని పొద్దు వాలేదాకా చూశాడు. పడిపోలేదు. లేచి పోయాడు.

తర్వాత పసుల మందులిచ్చే ఓబయ్య వచ్చాడు. ఆ గుంజలను చూస్తే అతనికి కడుపు మండింది. ఈ ఊళ్లో మందంటే అతని చేతి మందే.

“ఉప్పు సంగతి రెడ్డి చూసినాడు. నూనె సంగతి నేను చూస్తా. దీంట్లో ఏం కలిపినావు?”

“ఏం లేదన్నా. ఉత్త కానుగ నూనె.”

“ఉత్తదని నువ్వు చెప్తే అయిపాయనా? నా మందుకైతే పత్యం ఉంది, లెక్క ఉంది. నీ కంబళి ముక్కకు ఏముంది? ఆ నూనె వాగులో పడి, ఆ నీళ్లు నా ఎద్దు తాగి చస్తే?”

తిప్పక్క గుంజకు నాలుక ఆనించి నూనె నాకింది. ఆ చేదుకు ఆమె మొహం ముడుచుకుపోయింది.

“నాటకం బాగా ఆడతావు గానీ, రేపు పొద్దున లేస్తావో లేదో చూస్తా,” అన్నాడు ఓబయ్య. మరుసటి రోజు పొద్దున్నే ఆమె గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆమె బయటికొచ్చేసరికి ఒంటికి బాగాలేని ఆవు కోసం వచ్చినట్టు అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు.

మూడోవాడు చెంచు బయన్న. కొండ మీద గూడెంలో పెద్దవాడు. తేనె ఇచ్చి జొన్నలు పట్టుకుపోవడానికి కిందికొచ్చేవాడు. అతను ఉప్పు వాసన చూడలేదు, నూనె ముట్టుకోలేదు. బండ చుట్టూ గిట్టల గుర్తులు చూసి కూర్చున్నాడు.

“ఉప్పు మంచిదే. నూనె మంచిదే. నీ చెయ్యి మీదే నాకు అనుమానం తల్లీ.”

“నా చెయ్యి ఏం చేసింది తాతా?”

“జింకకు కోర లేదు, గోరు లేదు. దానికుండేది బెదురు ఒక్కటే. ఉప్పుతో పాటు ఆ బెదురు కూడా నాకించేస్తాండావు. ఈ పొద్దు నీ చేతికి అలవాటు పడతాది. రేపు ఇంకొకడు చెయ్యి చాపుతాడు. చేతులన్నీ ఒక తీరే ఉంటాయి. అదేం గుర్తుపడతాది?”

“అయితే చావనిమ్మంటావా?”

“అడవి దాన్ని అడవే చూసుకుంటాది. చచ్చేది చస్తాది, బతికేది బతుకుతాది. మధ్యలో మనమెవరం?”

“ఈ పిడుదులు అడవివి కావు తాతా. ఊరి పసులవి. నేను తోలుకొచ్చిన మందవి. నేను తెచ్చి వేసినదాన్ని నేను తీయొద్దా?”

బయన్న ఒక గిట్ట గుర్తు మీద వేలు పెట్టి చూశాడు.

“తీయి,” అన్నాడు చివరికి. “తీసినాక చెయ్యి కూడా తీసెయ్యాల. అది నీకు వచ్చునా?”

తిప్పక్కకు ఈసారి నాకి చూపడానికి ఏమీ లేదు.

బయన్న చెప్పినట్టే అయింది. జింకల చెవులు శుభ్రపడ్డాయి. నూనెకే పోయాయా, పిడుదుల కాలం తీరిపోయిందా అంటే నేను చెప్పలేను. ఓబయ్య మాత్రం చచ్చేదాకా ఎండ తగ్గింది కాబట్టే పోయాయన్నాడు. కానీ జింకల బెదురు కూడా పోయింది. తిప్పక్క పక్కనే ఉన్నా వచ్చి నాకేవి. కూనలు ఆమె కర్ర వాసన చూసేవి.

ఒక పొద్దున ఆమె పోయేసరికి బండ పక్కన తెగిన ఉచ్చు ఉంది. ఉచ్చుకు వెంట్రుకలు, నేల మీద నెత్తురు. ముసలి ఆడజింక లేదు.

ఆ పూట ఊళ్లో ఏదో ఇంట్లో మాంసం ఉడికింది. వాసన అందరికీ వచ్చింది. ఏ ఇంట్లోదో ఎవరికీ తెలియదు. ఒకరినొకరు అడగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంతే.

కానీ మాట మాత్రం తిప్పక్క మీద పడింది.

“నేను మొదటే అనుకున్నా,” అన్నాడు నారపరెడ్డి. “ఉప్పు చూపి పిలవడం నీ పని, ఉరి వేయడం నీ పొత్తుదారు పని. ఎవడమ్మే వాడు?”

“నాకు తెలియదు సామీ. తెలిస్తే మీకన్నా ముందు నేనే అడిగేదాన్ని.”

“నీ ఉప్పు దగ్గర ఇంకొక్క జింక చచ్చిందా, కర్ర ఇక్కడ పెట్టి ఊరు దాటు. నీకు ముద్ద పెట్టే ఇల్లు ఉండదు.”

గుంజలు పీకేస్తే పిడుదులు మళ్లీ పట్టి జింకలు చస్తాయి. పీకకపోతే ఉచ్చులో చస్తాయి. ఇంకొక్కటి చస్తే ఆమె కర్ర పోతుంది. తిప్పక్క ఆ రోజంతా బండ దగ్గర కూర్చుంది.

మరునాడు పొద్దున గుంటలో ఉప్పు పోసింది. గుంజలకు నూనె పట్టించింది. ఒళ్లో రాళ్లు నింపుకుని పొద వెనక కూర్చుంది. జింకలు వచ్చాయి. తలలు దూర్చాయి. కడుపునిండా నాకనిచ్చింది. అప్పుడు లేచి, ఓ అని అరిచి, రాయి విసిరింది. ఇంకొకటి విసిరింది. మూడో రాయి ఒక కూన డొక్కకు తగిలింది. అది కీచుమని అరిచి అడవిలోకి పారిపోయింది.

ఆ రాయి వేసిన చేత్తో ఆ పూట ఆమె ముద్ద తినలేదంటారు.

అప్పటినుంచి రోజూ అంతే. పెట్టేది, కొట్టేది. జింకలు నేర్చుకున్నాయి. ఒక నాకు నాకి తల ఎత్తేవి. ఆకు కదిలితే చాలు, మాయమయ్యేవి. ఉచ్చు మళ్లీ పడింది. ఒట్టిదే దొరికింది. మళ్లీ పడింది. ఒట్టిదే. మూడోసారి కూడా ఒట్టిదే. తర్వాత పడలేదు.

ఊరికి ఇదీ అనుమానమే. పిచ్చి పట్టిందన్నారు. జింకల ఉసురు పోసుకుంటోందన్నారు. నారపరెడ్డి ఒకసారి దారిలో ఆపి అడిగాడు.

“మందు పెట్టేదీ నువ్వే, రాళ్లేసేదీ నువ్వే. ఏందమ్మే ఈ ఆట?”

“చదువు చెప్తాండా సామీ.”

“జింకలకా? ఏం చదువు?”

“మన ఊరు ఎట్లాంటిదో.”

రెడ్డికి కోపం వచ్చింది. విసవిసా నడిచి పోయాడు.

ఏటా ఎండాకాలం గుంజలు పాతేది. ముందు ఊరి పశువుల చెవులకు నూనె రాసి, తర్వాతే గుంజలకు పట్టించేది. తొలివాన పడగానే గుంజలు పీకేసి, జింకలను కొండ పైకి తరిమేది. అట్లా ముసలిదైపోయింది. ఒక ఏడు వానకు ముందు జ్వరం వచ్చి చచ్చిపోయింది. ఊరే పూడ్చింది.

గుంజలు పీకే మనిషి లేదు. గుంటలో ఉప్పు మిగిలే ఉంది. తరిమే మనిషి కూడా లేదు. వాన పడింది, జింకలు కొండెక్కలేదు. కొత్తగా పుట్టిన కూనలు రాయి దెబ్బ ఎరగవు.

ఊరంతా చేలల్లో దుక్కి దున్నుతోంది. నారపరెడ్డి అప్పటికి ముసలివాడు. గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒక చిన్న ఆడజింక చేలోకి నడిచి వచ్చింది. నేరుగా వచ్చి అతని అరచేతిలో చెమట ఉప్పు నాకింది. వెచ్చటి గరుకు నాలుక.

రెడ్డి కదల్లేదు. ఆ జన్మలో అంత మెత్తటిది ఏదీ అతన్ని నమ్మి రాలేదు.

తల ఎత్తి చూశాడు. చేలల్లో ఎడ్లు ఆగిపోయాయి. మనుషులందరూ జింకనే చూస్తున్నారు. ఎవరో పగ్గం విప్పుతున్నారు. ఎవరో కత్తి కోసం నడుము తడుముకుంటున్నారు. ఎవరు మంచికి నిలబడ్డారో, ఎవరు చెడుకు నిలబడ్డారో మొహాల్లో తెలియలేదు. చేతులన్నీ ఒక తీరే ఉన్నాయి.

అప్పుడు రెడ్డి అరచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దుక్కిలోంచి మట్టిగడ్డ తీసి జింక మీద కొట్టాడు.

“నమ్మొద్దు, పో,” అన్నాడు.

అది ఎగిరి దూకి, దూరంగా నిలబడి చూసింది. ఇంకొక గడ్డ వేశాడు. వెనక్కి తిరిగి ఊరితో అన్నాడు.

“మీరూ వెయ్యండి. అందరూ వెయ్యాల. ఆ పొద్దు ఉచ్చు ఎవడు పెట్టినాడో నాకు తెలియదు. కాబట్టి అందరూ వెయ్యాల.”

అందరూ వేశారు. జింకలు కొండెక్కాయి.

ఇప్పటికీ మన ఊళ్లో ఎండ ముదిరితే ముందు పశువుల చెవులకు నూనె రాస్తాం. తర్వాత ఆ బండ దగ్గర గుంజలు పాతుతాం. ఉప్పు పోసేవాడు ఎంత పెద్దమనిషైనా పదిమంది ముందు తను నాకి పోయాలి. తొలివాన పడిన పొద్దున గుంజలు పీకి, ఊరంతా కొండవైపు నిలబడి తలా ఒక మట్టిగడ్డ వేస్తాం. “నమ్మొద్దు, పో” అంటాం. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు పాపమంటారు. వాళ్ల చేతికీ ఒక గడ్డ ఇస్తాం.

వేయనని ఎవరైనా అంటే బలవంతం చేయం. వాళ్ల చేతుల వైపు మాత్రం ఊరంతా ఒకసారి చూస్తుంది.