కింది ఖబరస్తాన్

"ఉస్తాద్, నిజం తెలిస్తే మనుషులు మారరా?" అని రౌదా అడిగింది.

ఉస్తాద్ తాహిర్ ట్యునీషియా తీరంలోని ఒక రేవు పట్నంలో జన్యుశాస్త్రం బోధిస్తాడు. ఉత్తర ఆఫ్రికా జనం ఎక్కడెక్కడి నుంచి వచ్చి ఎలా కలిశారో తేల్చడం ఆయన పని. శిష్యుల ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ప్రశ్న వింటాడు, కళ్లద్దాలు తుడుచుకుంటాడు, ఏదో ఒక పని పురమాయిస్తాడు. ఆ పొద్దున పురమాయించిన పని ఇది: "దీవికి వెళ్లే పడవకు రెండు టికెట్లు తీసుకో. ఫలితాలు కూడా పట్టుకురా."

ఆ ప్రశ్నకు కారణం అంతకు కొంచెం ముందు దీవి నుంచి వచ్చిన ఫోన్. జుమా అనే జాలరి చేశాడు. తల్లి జౌహరా రాత్రి పోయిందని, ఆమెకు పై ఖబరస్తాన్‌లో చోటు ఇవ్వనంటున్నారని చెప్పాడు.

జౌహరా రౌదాకు తెలుసు. కిందటేడు గురుశిష్యులు ఆ దీవి ఊళ్లో జన్యు నమూనాలు తీశారు. ఇలాంటి పరిశోధనకు ఒక నియమం ఉంది. అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు తాతలు, ఈ నలుగురూ ఊళ్లో పుట్టినవాళ్లయితేనే మనిషిని ఊరివాడిగా లెక్కవేస్తారు. ఎవరి తాత ఎక్కడివాడో చెప్పడానికి ఊరిపెద్ద హాజీ యూనిస్‌ని కుర్చీ పక్కన కూర్చోబెట్టారు. మొదటి నమూనా ఆయనే ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన తల ఊపితే మనిషి కూర్చుని నోరు తెరవాలి, బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పుతారు. చెయ్యి అడ్డంగా ఊపితే వెళ్లిపోవాలి. జౌహరా వంతు వచ్చినప్పుడు చెయ్యి ఊగింది. ఆమె పూర్వీకులను ఎడారికి దక్షిణం నుంచి తెచ్చి ఆ దీవిలో బానిసలుగా అమ్మారు. బానిసత్వం రద్దయి నూరేళ్లు దాటినా ఆ కుటుంబాలకు వీధి వేరు, కింద సముద్రం ఒడ్డున ఖబరస్తాన్ వేరు.

"వీళ్లు మా ఊళ్లో ఉన్నవాళ్లు. మా ఊరివాళ్లు కాదు," అన్నాడు హాజీ.

ఆ సాయంత్రం రౌదా ఒక్కతే జౌహరా గుమ్మానికి వెళ్లి నమూనా తీసుకుంది. ముసలావిడ మిగిలిన మూడు పళ్లూ చూపిస్తూ నవ్వింది. "ఏదొచ్చినా దాచకు తల్లీ, నలుగురిలో చెప్పు. దాచుకోవడానికి నా దగ్గరేముంది?"

ఫలితాలు మూడు వారాల కిందట వచ్చాయి. అరేబియా నుంచి నేరుగా దిగిన వంశం తమదని హాజీ చెప్పుకుంటాడు. తండ్రి వైపు చూస్తే ఆయన ఆ తీరంలో వేల ఏళ్లుగా ఉన్న బెర్బర్లలో ఒకడు. అది రౌదాకు వింత కాలేదు, అలాంటివి చాలా చూసింది. తల్లి వైపు చూసి ఆగిపోయింది. ఆ వరస ఎడారికి దక్షిణం నుంచి వచ్చింది. జౌహరాదీ అదే వరస. మిగతావన్నీ పోల్చి లెక్క కడితే, ఇద్దరికీ అమ్మమ్మ ఒక్కతే. ఈ ఒక్క మాట ఊళ్లో పడితే రెండు ఖబరస్తాన్ల మధ్య గోడ నిలవదని ఆమె నమ్మింది.

వాళ్లు చేరేసరికి హాజీ ఇంటి వాకిట్లో పది పన్నెండు మంది మగవాళ్లు కాఫీ తాగుతున్నారు. జుమా గడప అవతల చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. జుమా వీధివాళ్లు ఊరి పెద్దలను "సీదీ" అని పిలుస్తారు. మా యజమాని అని దాని అర్థం.

"సీదీ, కింద చోటు లేదని కాదు. సముద్రం లోపలికొస్తోంది. చలికాలంలో వల లాగితే మా నాన్న ఎముకలు వచ్చాయి. చేపలు తీసినట్టు ఒక్కొక్కటీ విడదీశాను. అమ్మను కూడా అలా తియ్యలేను సీదీ. పైన ఓ మూల చాలు, రాయి కూడా పెట్టను."

హాజీ కాఫీ గిన్నెలోకి చూస్తూ, "అది ఊరివాళ్ల చోటు, జుమా," అన్నాడు.

రౌదా ముందుకు వచ్చింది. హాజీతో ఒంటరిగా మాట్లాడాలంది. ఒకరి ఫలితం ఇంకొకరి ముందు చెప్పకూడదన్నది వాళ్ల వృత్తిలో కట్టుబాటు.

"ఇక్కడే చెప్పు బిడ్డా. అందరూ మావాళ్లే," అన్నాడు హాజీ.

ఆమె గురువు వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అప్పుడు చెప్పింది: హాజీ యూనిస్‌కీ కింది వీధిలో కఫన్ గుడ్డ చుట్టి ఉన్న జౌహరాకీ అమ్మమ్మ ఒక్కతే.

వాకిలి దద్దరిల్లుతుందని ఆమె ఊహించింది. అరుపులకు, తిట్లకు, తోసివేతకు సిద్ధపడి వచ్చింది. ఒకాయన గిన్నెలో చక్కెర కలుపుతూ ఉన్నాడు, ఆ చెంచా ఆగలేదు.

"దీనికి ఏడాది పట్టిందా బిడ్డా? మా అమ్మనడిగితే కూరలు తరుగుతూ చెప్పేది," అన్నాడు మూలనున్న ముసలాయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు. "హాజీ వాళ్లమ్మ నవ్వూ జౌహరా వాళ్లమ్మ నవ్వూ ఒకటే. చీకట్లో వింటే పోల్చుకోలేకపోయేవాళ్లం," అన్నాడు ఇంకొకాయన. కాఫీ మళ్లీ పోశారు.

రౌదా జుమా వైపు తిరిగింది. అతను తల వంచుకున్నాడు. అతనికీ తెలుసు. ఆ వాకిట్లో నివ్వెరపోయిన మనిషి తానొక్కతే అని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"మేమెప్పుడూ చుట్టరికం అడగలేదమ్మా," అన్నాడు జుమా. "చోటు అడిగాం."

"తెలిసి కూడానా?" అంది రౌదా. హాజీ వైపు తిరిగింది.

హాజీకి ఎనభై దాటాయి. గిన్నె కింద పెట్టి, ఊరి సంగతి ఎవరికో దారి చెప్పినట్టు చెప్పాడు. వాళ్ల తాత ఒక బానిస పిల్లను కొన్నాడు. ఆమెకు అతని వల్ల ఒక కూతురు పుట్టింది. యజమాని బిడ్డ గనక ఆ పిల్ల పై ఇంట్లో పెరిగింది, పై ఇంటివాణ్ణే పెళ్లాడింది, పై ఖబరస్తాన్‌లో ఉంది. ఆమే హాజీ తల్లి. తాత పోయాక ఆ బానిస పిల్ల తనలాంటివాణ్ణే పెళ్లాడి ఇంకో కూతుర్ని కన్నది. ఆమె జౌహరా తల్లి. కింది వీధిలో పెరిగింది, కింద ఉంది.

"మరి మీ అమ్మమ్మ?"

"కిందే ఉండేది. ఉప్పుచేపలు కాల్చి పెట్టేది నాకు, దొంగచాటుగా." ఆయన ఆగాడు. "జుమా నాన్నకంటే రెండు చలికాలాల ముందే ఆమె గోరీని సముద్రం తీసుకుపోయింది. చివరి వారం రోజూ వెళ్లి చూశాను. గోరీ పక్క రాళ్లు ఒక్కొక్కటే జారాయి."

"చూస్తూ నిలబడ్డారా?"

"అమ్మమ్మనే పైకి తేలేదు. ఇవాళ జౌహరాని తెస్తే, ఆమెనెందుకు తేలేదని ఈ ఊరు అడగదా? నేనేం చెప్పను?"

మూలనున్న ముసలాయన ఈసారి నవ్వలేదు. కానీ కాదని కూడా అనలేదు.

మధ్యాహ్నం నమాజు తర్వాత జౌహరాను కింద పూడ్చారు. వీలైనంత గట్టు మీదికి తవ్వినా, నీళ్ల చప్పుడు గోతిలోకి వినిపిస్తూనే ఉంది. హాజీ కర్ర పట్టుకుని దిగి వచ్చాడు. జనాజాకు కాసేపు భుజం కూడా ఇచ్చాడు. మొదటి పిడికెడు ఇసుక ఆయనే వేసి, గెడ్డం తడిసేలా ఏడ్చాడు. జుమా ఆయన్ను పట్టుకుని, "జాగ్రత్త సీదీ, రాళ్లు," అంటూ గట్టెక్కించాడు. తర్వాత హాజీ పైకి వెళ్లిపోయాడు. రెండు ఖబరస్తాన్ల మధ్య గోడ తలుపు ఆయన వెనక మూసుకుంది.

తిరుగు పడవలో రౌదా చాలాసేపు ఏడ్చింది. ఇలాంటి మనుషులు ఉంటారా అంది. అన్నీ తెలిసి, అంత ఏడ్చి, వేలు కదపకుండా ఎలా ఉంటారు అంది. ఉస్తాద్ తీరం కనిపించేదాకా ఫలితాల కాగితాలు తిప్పుతూ కూర్చున్నాడు.

"మన పట్టికలో జౌహరా ఎక్కడుంది?" అని అడిగాడు అప్పుడు.

పట్టికకు రెండు భాగాలు: ఊరివాళ్లు, ఇతరులు. కిందటేడు హాజీ చెయ్యి ఊపిన ప్రకారం రౌదాయే రాసింది.

"ఇతరుల్లో," అంది.

"హాజీ ఊరివాళ్లలో ఉన్నాడు. ఇద్దరికీ అమ్మమ్మ ఒక్కతే అని తెలిసి మూడు వారాలైంది కదా."

రౌదా ఏడుపు ఆగిపోయింది.

ఉస్తాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "హాజీకి ఊరు అడ్డం వచ్చింది," అన్నాడు. "నీకు ఎవరూ అడ్డం రాలేదు."