అందరికీ ఒకే బండ

అనగనగా ఒక మోదుగ అడవి. తొలకరి కురిసిన రోజున అక్కడి జంతువులన్నీ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసేవి. అందుకు విస్తళ్లు కావాలి కదా పిల్లలూ. ఎండలు ముదరగానే అన్నీ ఒక పెద్ద బండ చుట్టూ చేరి, మోదుగాకులు పేర్చి, పుల్లలతో కుట్టేవి.

భల్లయ్య అనే ఎలుగుబంటి ఆ పనికి పెద్ద. నేల మీద కూర్చుంటే బండ సరిగ్గా ఆయన మోచేతుల ఎత్తుకు వచ్చేది.

"ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు. అందరికీ ఒకే నేల, ఒకే బండ" అని ఆయన రోజూ పొద్దున్నే చెప్పేవాడు. ఎత్తు పీట అడిగితే గొప్పలు పోతున్నట్టే లెక్క.

తురాయి అనే కోతిపిల్లకు ఆ మాట ఎంతో నచ్చింది. బండ మాత్రం ఆమె గడ్డానికి తగిలేది. భుజాలు ఎగదోసి, మణికట్లు వంచి, పొద్దస్తమానం కుట్టేది. అందరికంటే ఎక్కువ కుట్టేది కూడా.

వారం తిరక్కుండానే ఆమె కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి.

"మామా, వేళ్లలో చీమలు పాకుతున్నట్టుంది" అంది తురాయి.

"చీమలైతే దులుపుకో అమ్మాయ్" అన్నాడు భల్లయ్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తురాయి కూడా నవ్వేసింది.

తర్వాతి వారం చింతకాయ ఒలవబోతే చేతిలోంచి జారిపోయింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. నొప్పి అంటే పనిదొంగ అంటారని భయం. బాధను దాచుకోవడమే మంచితనమని మనకు ఎవరు నేర్పారో గానీ, వాళ్ల చేతులకు ఎప్పుడూ నొప్పి పుట్టి ఉండదు.

మూడో వారం తురాయి ఇంటికి వెళ్తూ కొమ్మ మీది నుంచి కొమ్మ మీదికి దూకింది. కుడిచెయ్యి కొమ్మను తాకింది కానీ పట్టుకోలేదు. ఆమె దబ్బున పొదలో పడింది.

దెబ్బలు పెద్దవి కావు. కానీ పట్టు లేని కోతి ఎలా బతుకుతుంది? తురాయి ఏడుస్తూ ఉడుము తాత దగ్గరికి వెళ్లింది. పట్టు గురించి ఆ తాతకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

తాత ఆమె మణికట్టును మెల్లగా తడిమాడు. "నువ్వు ఎలా కూర్చుని కుడతావో చూపించమ్మా."

ఆమె కూర్చుని చూపించింది.

"పని నీ దగ్గరికి రావాలి గానీ, నువ్వు పని చుట్టూ మెలికలు తిరక్కూడదు. వెన్ను నిటారుగా ఉండాలి. మోచేతులు పక్కలకు వాలాలి. మణికట్టు వంగకూడదు. యాభై ఆకులకోసారి లేచి ఒళ్లు విరుచుకోవాలి. ముందు ఈ చేతికి విశ్రాంతి ఇవ్వు."

"మళ్లీ పట్టు వస్తుందా తాతా?"

"ఇప్పుడు ఆపితే వస్తుంది. ఆపకపోతే నేను చెప్పలేను."

మర్నాడు తురాయి అందరి ముందూ నిలబడింది. "నాకు ఎత్తు పీట కావాలి మామా."

"ఇవాళ నువ్వు, రేపు ఇంకొకరు. మరి సమానత్వం ఏమైపోవాలి?" అన్నాడు భల్లయ్య.

"అయితే ఒక్క పూట నాతో సమానంగా కూర్చో" అంది తురాయి. బండ పక్కనే అడవిపంది తవ్విన గుంట ఉంది. "ఇందులో దిగు. బండ నీ గడ్డానికి వస్తుంది. అలాగే కుట్టు."

భల్లయ్య నవ్వుతూ దిగాడు. పది ఆకులకు నవ్వు ఆగింది. ఇరవై ఆకులకు భుజాలు పట్టేశాయి. నలభయ్యో ఆకు దగ్గర పుల్ల జారి కింద పడింది.

"వేళ్లలో ఏదో... చీమల్లాగా" అని గొణిగాడు.

"దులుపుకో బావా" అంది ధవళమ్మ అనే కొంగ. వంగి వంగి ఆమె మెడ కూడా ఎప్పుడో పట్టేసింది. ఇన్నాళ్లూ నోరు మెదపలేదు, అంతే.

భల్లయ్య గుంటలోంచి వెంటనే లేవలేదు. "నా ఒంటికి సరిపోయిందాన్ని అందరికీ న్యాయం అనుకున్నానమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రమే తురాయికి ఒక దుంగ వేశారు. ధవళమ్మ ఉండే వైపు బండ మీద రాళ్లు పేర్చి ఎత్తు పెంచారు. యాభై ఆకులు కాగానే అందరూ లేచి ఒళ్లు విరుచుకునేవారు. తురాయి చెయ్యి కుదుటపడేదాకా ఆకులు లెక్కపెడుతూ, ఎవరు నడుం వంచినా అరిచేది.

తొలకరి కురిసింది. విస్తళ్లు కొన్ని తక్కువయ్యాయి. ఒకే ఆకులో ఇద్దరేసి తిన్నారు, ఎవరికీ కడుపు మాడలేదు.

భోజనాలయ్యాక తురాయి చెట్టెక్కింది. కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు. దూకింది. తడిసిన కొమ్మను కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పట్టు దొరికిందా అమ్మాయ్?" కింది నుంచి భల్లయ్య అడిగాడు.

"దొరికింది మామా."

భల్లయ్య హమ్మయ్య అంటూ చెట్టు మొదట్లో నడుం వంచి చతికిలబడ్డాడు.

"నడుం" అంది తురాయి పైనుంచి.

ఆయన నిటారుగా కూర్చున్నాడు.

నీతి: ఒళ్లు చెప్పే నొప్పిని మొదట్లోనే వినాలి; మనిషిని పనికి తగ్గట్టు వంచకుండా, పనిని మనిషికి తగ్గట్టు అమర్చాలి.