రామక్కపేట కల్లులో నీళ్ళు

మూడు ఆదివారాలుగా వీరేశం ఏ పొరుగూరి మండువకూ పోలేదు. తాళ్ళ నడుమ, తాటిచెట్ల నీడన నేల ఊడ్చి, గౌడు కల్లు పోసే చోటే మండువ. పోకపోవడానికి కాళ్ళు లేకనా? కాళ్ళున్నాయి, పిలిచేవాళ్ళే లేరు. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ. నాలుగో ఆదివారం తెల్లవారగానే పళ్ళు కొరుక్కుంటూ గురువు దగ్గరికి బయలుదేరాడు.

గురువు పేరు లింగాగౌడు. డెబ్బై దాటాయి. ఇప్పటికీ తన చెట్టు తానే ఎక్కుతాడు. వీరేశానికి చెట్టెక్కే మోకు కట్టడం, కల్లుకు గెల గీయడం నేర్పింది ఆయనే, తర్వాత చెవిలో ఉపదేశం చెప్పిందీ ఆయనే. పొద్దున తాళ్ళు గీసి, సాయంత్రం తత్వాలు పాడే మనిషి. చుట్టుపక్కల పది ఊళ్ళ గౌండ్లు ఆయనను అయ్య అంటారు. కల్లు విషయంలో అయ్య ఒక మాట అన్నాడంటే ఇక దాని మీద పంచాయితీ ఉండదు. వీరేశానికి కావలసింది ఆ ఒక్క మాటే.

జరిగిందేమిటో చెబుతాను. వీరేశానికి ఇద్దరు దోస్తులు. ఒకడు దర్జీ జంగయ్య, ఇంకొకడు బోరుమోటార్లు బాగుచేసే కొమురెల్లి. ఎనిమిదేళ్ళుగా తాళ్ళు కల్లు పారే కాలం వచ్చిందంటే ప్రతి ఆదివారం ముగ్గురూ కొమురెల్లి బండి మీద ఇరుక్కుని కూర్చుని ఏదో ఒక కొత్త ఊరికి పోయేవారు. చెరువు కింది తాళ్ళ కల్లు ఒక రుచి, గుట్ట మీది తాళ్ళది ఇంకో రుచి. ఒక ఊళ్ళో నాలుక మీద జిల్లుమంటుంది, పక్క ఊళ్ళోనే కొబ్బరినీళ్ళలా దిగిపోతుంది. ఏ ఊళ్ళో ఏముందో పోతే గాని తెలియదు. ఆ తెలుసుకోవడమే వాళ్ళ పండుగ. కొమురెల్లి ఉడికించిన బొబ్బర గుడాలూ ఉల్లిగడ్డలూ మూటకట్టుకొచ్చేవాడు. జంగయ్య తన దగ్గర అంగీలు కుట్టించుకున్న వాళ్ళందరి నడకలూ నడిచి చూపించి నవ్వించేవాడు. వీరేశం రుచి చెప్పేవాడు.

వీరేశం నాలుక గొప్పదే, అబద్ధం ఎందుకు ఆడాలి. ఒక్క గుక్క తాగి అది మగ చెట్టు పోతుతాడుదో, కాయ కాసే పండుతాడుదో చెప్పేవాడు. ఎప్పుడు దించిందో చెప్పేవాడు. మొదట్లో అదంతా సంబరంగా ఉండేది. రానురాను ఆ నాలుక నెత్తికెక్కి కూర్చుంది. ఏ మండువకు పోయినా అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా మూతి విరిచేవాడు. ఇది పులిసింది, అది పలచన, వీడికి గీయడం రాదు, వాడికి కుండ కడగడం రాదు. ఇద్దరు తాగడానికి పోతుంటే ఒకడు తప్పులు పట్టడానికి పోతున్నాడన్నమాట. దోస్తులు కనుక ఓర్చుకున్నారు. నేనైతే రెండో వారమే బండి మీది నుంచి దింపేసేవాణ్ణి.

ఆ ఆదివారం రామక్కపేట పోయారు. అక్కడ కల్లు గీసే సాయిలు జంగయ్యకు స్వయానా బావ, అక్క మొగుడు. దోస్తులను తీసుకురమ్మని రెండేళ్ళుగా అడుగుతున్నాడట. సాయిలు సంతోషం పట్టలేక, కూర్చున్న వాళ్ళను జరిపి మరీ వీళ్ళకు ముందువరసలో చోటు చేశాడు. మొదట వీరేశానికే పోశాడు.

వీరేశం ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. బుగ్గలో తిప్పాడు. అందరూ చూస్తుండగా సాయిలు కాళ్ళ ముందు ఉమ్మేశాడు.

"నీళ్ళు కలిపినవు," అన్నాడు.

గౌడు పోసిన కల్లులో నీళ్ళున్నాయని పదిమందిలో అన్నాక వాడికి ఇంకేం మిగులుతుంది? రోజూ వచ్చి తాగే డజను మంది తలలెత్తి సాయిలు వైపు చూశారు. సాయిలు ముఖం మాడిపోయింది. లేచింది జంగయ్య. వీరేశం అంగీ పట్టుకుని పైకి లేపాడు. ఆ అంగీ కుట్టిందీ జంగయ్యే, చించిందీ జంగయ్యే.

"మా బావ పోసింది ఉమ్మినవు. ఇయ్యాల్టి సంది నా మొఖం చూడకు."

కొమురెల్లి బండి తీసి జంగయ్యను ఎక్కించుకుని పోయాడు. వీరేశం నాలుగు కోసులు ఎండలో నడిచి ఇల్లు చేరాడు. అడుగుకో తిట్టు తిట్టాడు. ఆ తర్వాత మూడు వారాలూ అవే తిట్లు. గెల గీస్తూ తిట్టాడు, కల్లు పోస్తూ తిట్టాడు. నిజం చెప్పినందుకు నాకా శిక్ష? నీళ్ళు కలిపిన వాడు మంచివాడూ, పట్టుకున్న నేను చెడ్డవాణ్ణా? పెళ్ళాం బువ్వ పెట్టబోతే కంచం తోసేశాడు. ఆమె ఆ కంచం తీసి లోపల పెట్టి, మళ్ళీ అడగలేదు.

ఇదంతా అయ్యకు ఏకరువు పెట్టాడు. అయ్య అప్పుడే చెట్టు దిగి, కల్లుకుండ లొట్టిని పక్కన పెట్టుకుని, బండ మీద కత్తి నూరుతున్నాడు. మీరు ఒక్కసారి రామక్కపేట రావాలె, ఆ కల్లు తాగి అందరి ముందు నిజం చెప్పాలె అన్నాడు వీరేశం. జంగయ్య తన ముందు చేతులు కట్టుకుని తప్పయిందనాలని కూడా అన్నాడు. ఇది తేలకపోతే ఇక చచ్చేదాకా ఆ ఇద్దరి గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టబోయాడు. అయ్య కత్తి నూరడం ఆపాడు.

"ఈ ముచ్చట విని మంగళారం రామక్కపేట పోయిన," అన్నాడు. "తాగిన. నీళ్ళున్నయి."

వీరేశం ఎగిరి గంతేసినంత పని చేశాడు. చూసిండ్రా, నేను చెప్పలే, నా నాలుక తప్పుతదా అంటూ గాలిలోనే జంగయ్యను కడిగేశాడు. అయ్య అదంతా అయిపోయేదాకా ఆగాడు.

"ఈ ఏడు సాయిలుకు మూడే తాళ్ళు పారుతున్నయి. ఆనాడు మండువల ఎంతమంది ఉండిరి?"

"పదిహేను మంది ఉండిరి."

"అందరికి అందిందా?"

అందిందనే చెప్పాడు వీరేశం. అంతలోనే మళ్ళీ మండిపడ్డాడు. లేకుంటే లేదని చెప్పాలె గాని నీళ్ళు కలుపుతడా, అది దొంగతనం గాదా అని అడిగాడు. అయ్య కత్తి పట్టుకునే లేచాడు. ఇంకా చాన దూరం నడవాలె, ముందు ఇంత కల్లు తాగు అన్నాడు.

పక్కనున్న మట్ట నుంచి లేత తాటాకు కోశాడు. దాన్ని మడిచి దొప్పలా చేసి వీరేశం చేతుల్లో పెట్టాడు. మా దిక్కు దాన్ని రేక అంటాం. గొంతుక్కూర్చుని, రేక రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, ఒక కొస నోటికి ఆనించాలి. ఎదురుగా నిలబడ్డ మనిషి లొట్టి వంచి సన్నటి ధారగా పోస్తాడు. గ్లాసులు వచ్చి ఎన్నేళ్ళయినా మండువలో మర్యాద అదే. వీరేశం అలాగే కూర్చుని, రేక నోటికి పెట్టుకుని ఎదురుచూశాడు.

అయ్య నిండు లొట్టిని తెచ్చి వీరేశం మోకాలి పక్కన పెట్టాడు. తిరిగి బండ దగ్గరికి పోయి కత్తి నూరుకోసాగాడు.

వీరేశం కాసేపు అలాగే ఉన్నాడు. ఈగలు వచ్చాయి. చేతులు లాగాయి. ముసలాయన మరిచిపోయాడేమో అనుకుని దగ్గాడు. కత్తి చప్పుడు ఆగలేదు.

సరే అని ఒక చేత్తో రేక పట్టుకుని, రెండో చేత్తో లొట్టి ఎత్తాడు. రెండో కొస వదలగానే రేక విప్పుకుంది. పోసుకున్న కల్లంతా గదవ మీద నుంచి ఛాతీ మీదికి, అక్కడి నుంచి ధోతిలోకి కారింది. రేకను మళ్ళీ మడిచి పళ్ళతో కరుచుకున్నాడు. ఈసారి ముక్కులోకి పోయి పొలమారింది. మోకాళ్ళ మధ్య బిగించి, దాని మీదికి వంగి చూశాడు. మనిషి వంగాడు గాని నోరు అందలేదు. రోజూ వందమందికి పోసే చేతులవి. ఒక్క గుక్క తన నోటికి చేర్చలేకపోయాయి.

విసురుగా లొట్టినే రెండు చేతులా ఎత్తాడు, అంచుకు నోరు పెట్టి తాగేద్దామని. పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. గౌడు పుట్టుక పుట్టినవాడెవడూ లొట్టిని ఎంగిలి చేయడు. వేరేవాడెవడైనా ఆ పని చేయబోతే చెంప పగలగొట్టే మనిషి వీరేశం. తిట్టుకుంటూ లొట్టి దించాడు.

ఇక వాడి కోపం గురువు మీదికే మళ్ళింది. ఛాతీ మీద ఈగలు ముసురుతుంటే లేచి నిలబడి, ఏందయ్యా ఈ ఆట, నేను పసిపోరగాన్నా, ఎద పగిలి మీ దగ్గరికి వస్తే నన్ను నవ్వులపాలు చేస్తారా అని అరిచాడు. గురువు ముందు అంత గొంతు ఎన్నడూ ఎత్తలేదు. నా పక్కన న్యాయం ఉన్నదని మీరే అంటిరి, ఒక్కసారి లొట్టి వంచితే మీ సొమ్మేం పోయింది అన్నాడు.

అయ్య కళ్ళెత్తి చూశాడు. ఆ కళ్ళలోనూ కోపమే ఉంది.

"నీ నాలుక నిజం చెప్పిందా లేదా అని అడిగినవు. చెప్పిందని అంటి. పొయ్యమని నన్ను అడగలే."

"అడుగుతున్న. పొయ్యుండ్రి."

"నాకు భుజం నొస్తది," అన్నాడు అయ్య. "పోసేటోడు ఏ ఊర్ల ఉన్నడో నీకు ఎరుకే."

అని కత్తి అంచును బొటనవేలితో చూసుకున్నాడు. ఇంకా పదును రాలేదనుకున్నాడేమో, మళ్ళీ నూరసాగాడు.

వీరేశం కింద పడ్డ రేక తీసి, మట్టి తుడిచి, దాన్ని పట్టుకునే రామక్కపేట బాట పట్టాడు. కోపం దిగిందా అంటే దిగలేదు. సాయిలు మీద, జంగయ్య మీద, అయ్య మీద ఒకరి తర్వాత ఒకరి మీద పెట్టి చూశాడు. ఎవరి మీదా నిలవలేదు. ఎండ ఎక్కుతోంది, ఒళ్ళంతా కల్లు వాసన. ఎదురొచ్చిన వాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

మండువలో మునుపటి డజను మంది లేరు. నలుగురే ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు జంగయ్య, కొమురెల్లి. మూడు వారాలుగా సాయిలు మండువ మరీ బోసిపోకుండా వాళ్ళిద్దరే వచ్చి కూర్చుంటున్నారని వీరేశానికి ఎవరూ చెప్పలేదు, చూడగానే తెలిసింది. జంగయ్య వీరేశాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. కొమురెల్లి గుడాల మూట ముడి వేసేశాడు.

వీరేశం తిన్నగా పోయి, తాను ఉమ్మిన చోటనే సాయిలు కాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు. రేక రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని నోటికి ఆనించాడు.

సాయిలు లొట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు వంచలేదు. పిడికిలి బిగిసి ఉంది. ఆ లొట్టి నెత్తిన పగలగొడతాడేమోనని కొమురెల్లి సగం లేచాడు.

"నీళ్ళున్నయి దీంట్ల," అన్నాడు సాయిలు.

వీరేశం రేక దించలేదు.