తీతయ్య మోసిన మన్ను

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి పొండి. దారికి నేనేమీ అడ్డం లేను. కూర్చున్నాక మాత్రం మధ్యలో "నిజంగానా తాతా?" అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కథ నేను చెబుతుంటే కాడి కింద ఎడ్లు నెమరు మానేసి విన్నాయి. కురుస్తున్న వాన సగంలో ఆగి విన్నది. మీరెంత?

సరే, కదలకండి మరి.

మీ తాతల తాతకి ఇంకా పేరు పెట్టని రోజులు. మల్లెలవాగు పక్కన ఒక పాలెం. పాలెం మధ్యలో ఒక రెల్లుకప్పు గుడి. గుడికి అవతల, వాగు దాటాక, సమాధుల దొడ్డి. ఆ దొడ్డిలో గోతులు తవ్వే మనిషి తీతయ్య.

తవ్వితే అలా ఇలా కాదు. పలుగు ఎత్తి దించితే ఆ అదురుకి మూడూళ్ళ అవతల ఉట్టిమీద కుండలు గణగణలాడేవి. మీరు తమలపాకుకి సున్నం రాసుకునేలోపు ఆరడుగుల గొయ్యి సిద్ధం. గొంతా? వాగు ఇవతల నిలబడి "ఆమేన్" అన్నాడంటే అవతలి కొండ కాసేపు ఆలోచించుకుని మళ్ళీ "ఆమేన్" అనేది.

అంతటి మనిషి ఆదివారం గుడిలోకి వచ్చేవాడు కాదు. గుమ్మం బయట, చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు.

"లోపలికి రా తీతయ్యా," అనేవారు పరంజ్యోతి అయ్యగారు. ఆయన ఆ సంఘానికి కాపరి. పుల్లలాంటి మనిషి, దూదిలాంటి గొంతు.

"గోతిలో నుంచి వచ్చాను అయ్యగారూ. ఒంటికి వాసన ఉంటది. మీ వాక్యం ఇక్కడికి కూడా వినపడుద్దిలే."

అయ్యగారి వాక్యం మూడో వరసకే వినపడదు. అయినా అలా అనేవాడు.

తీతయ్యకి ఒక్కతే కూతురు, లూదియమ్మ. ఆ పాలెంలోనే ఇచ్చాడు. ఆమె తప్ప అతనికి ఈ లోకంలో ఎవరూ లేరు.

ఇక ఆ పాలెం ఆచారం చెప్పాలి. మనిషి పోతే గోతిలో మూడు గుప్పెళ్ళ మన్ను వెయ్యాలి. బంధువు వెయ్యాలి, పక్కింటివాడు వెయ్యాలి, నిన్న పొలం గట్టు దగ్గర కొట్టుకున్నవాడు కూడా వెయ్యాలి. వేస్తే ఆ గొడవ అక్కడితో సరి. వెయ్యకపోతే మూడు తరాలు ఆ ఇంటి నీళ్ళు ఈ ఇంటివాళ్ళు తాగరు. మన్ను పడకుండా పోయినవాడంటే ఎవరూ లేనివాడని. "ఇదంతా వాక్యంలో లేదర్రా," అనేవారు అయ్యగారు. అంటూనే వంగి ఆయనా మూడు గుప్పెళ్ళు వేసేవారు.

అలా ఉండగా వచ్చింది ఊపిరిజ్వరం.

ఎక్కడో సముద్రాల అవతల పుట్టిందట. ఓడ ఎక్కింది, రేవు దిగింది, బండి ఎక్కింది. దేశదేశాలూ ఒక చుట్టు చుట్టి పాలెంలోకి వచ్చింది. మొదటి రోజు గొంతు పోయేది. రెండో రోజు ఒళ్ళు కాలిపోయేది. మూడో రోజు మనిషి పోయేవాడు. పక్కన కూర్చుని పలకరిస్తే చాలు, ఆ ఊపిరి ఈ ఊపిరికి అంటుకునేది.

మొదట పోయింది కంబాల ఇస్సాకు, ముసలాయన. మంచివాడు. మంచివాడే కొంప ముంచాడు. ఊరు ఊరంతా మన్ను వెయ్యడానికి వెళ్ళింది. ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఒకే చెంబుతో నీళ్ళు తాగారు. వారం తిరక్కముందే మన్ను వేసిన ఇళ్ళలో మనుషులు మంచం పట్టారు. రెండో శవం లేచింది. మళ్ళీ అందరూ వెళ్ళారు. మూడో శవం లేచింది. మళ్ళీ వెళ్ళారు. మానితే పగ కదా! ఒకరిని పాతిపెట్టి వచ్చి పది ఇళ్ళకి జ్వరం పంచారు.

అప్పుడు అయ్యగారు గుడికి తాళం వేశారు. తాళం వేస్తూ ఆయన ఏడ్చారు. ఆ కన్నీళ్ళకి తాళం మూడు రోజుల్లో తుప్పు పట్టిందంటే నమ్మడం మీ ఇష్టం.

"గుడి మూశాను గాని ఆరాధన మూయలేదు," అన్నారాయన. "ఎవరి గడపలో వాళ్ళు నిలబడండి. గంట కొడితే మోకాళ్ళూనండి. నేను వీధి మధ్యలో నిలబడి వాక్యం చదువుతాను."

ఆదివారం వచ్చింది. గంట కొట్టారు. పాలెం అంతా ఎవరి గడపలో వాళ్ళు. అయ్యగారి గొంతు రెండిళ్ళు దాటలేదు. అప్పుడు వాగు అవతల నుంచి తీతయ్య అందుకున్నాడు. అయ్యగారు ఒక మాట అంటే తీతయ్య అదే మాట కేకగా అనేవాడు. చివరింటి మంచం మీది రోగికి కూడా వినపడేది. గుడి తెరిచి ఉన్న రోజుల్లో బయట కూర్చున్నవాడి గొంతులో నుంచే పాలెం అంతా వాక్యం విన్నది.

ప్రభు భోజనానికి ద్రాక్షరసం లేదు. జొన్నరొట్టె ముక్క, బెల్లం నీళ్ళు ఎవరి గడపలో వాళ్ళు పెట్టుకోమన్నారు.

"బెల్లం నీళ్ళా అయ్యగారూ!" అని అరిచింది ఒక ముసలమ్మ. "నేను నా మనవడికి తాగించే నీళ్ళతోనా ప్రభు భోజనం?"

"ప్రభువు కానా ఊరి పెళ్ళిలో ఉత్త నీళ్ళనే ద్రాక్షరసం చేసినాయన అవ్వా. మనం బెల్లం కూడా వేశాం. ఆయనకి సగం పని తగ్గించాం."

ఆ రోజుల్లో పాలెం నవ్వింది ఆ ఒక్కసారే.

ఆరాధన గడపలోకి వచ్చింది. భోజనం గడపలోకి వచ్చింది. గోతిలో మన్ను వెయ్యడం మాత్రం గడపలోకి ఎలా వస్తుంది? అక్కడ తిరగబడ్డారు.

సలోమమ్మ కొడుకు పోయాడు. పెళ్ళీడు పిల్లాడు. తీతయ్య మూతికి తడిగుడ్డ కట్టుకుని, చాపలో చుట్టి, ఒక్కడే భుజాన వేసుకున్నాడు. సలోమమ్మ జుట్టు విరబోసుకుని వెనకాలే బయల్దేరింది. ఆమె వెనక అక్కచెల్లెళ్ళు, మరుదులు, వాళ్ళ పిల్లలు.

తీతయ్య ఆగాడు. వెనక్కి తిరగలేదు, చిన్న అడుగుల చప్పుడు మాత్రం విన్నాడు.

"రాబాక సలోమమ్మా."

"నా బిడ్డకి నేను మన్ను వెయ్యొద్దా? నువ్వెవడివిరా చెప్పటానికి?"

"నీ వెనకమాల చిన్నపిల్లలు ఉండారు తల్లీ. ఒకసారి చూసుకో."

ఆమె చూసింది. కూలబడింది.

"మన్ను పడకుండా పోతాడా నా బిడ్డ? ఎవరూ లేనోడిలాగా?"

"పోడు. నీ గడపముందు మన్ను ఇయ్యి. నేను తీసకెళ్ళి వేస్తా."

"నీ చెయ్యి నా చెయ్యి అవుద్దా తీతయ్యా?"

"ఎట్టా అవుద్ది? కాదు. మన్ను మాత్రం నీదే. నీ పేరు చెప్పే వేస్తా. నీకు వినపడేటట్టు చెప్తా."

ఆమె గడపముందు గోళ్ళతో తవ్వి, మోదుగాకు దొప్పలో పోసి దారిలో పెట్టింది. దూరంగా జరిగింది. తీతయ్య తీశాడు, మోశాడు, వేశాడు. వేస్తూ వాగు అవతల నుంచి కేక పెట్టాడు.

"ఎవరి మన్ను? అమ్మ సలోమమ్మ మన్ను!"

ఇవతల గడపలో సలోమమ్మ "ఆమేన్" అన్నది. అని అప్పుడు ఏడ్చింది.

ఆ రోజు నుంచి అదే పాలెం ఆరాధన అయింది. ఎవరు పోయినా ప్రతి గడపముందూ ఒక దొప్ప. తీతయ్య తట్టతో వచ్చేవాడు. ఒకరి మన్ను ఒకరి దాంతో కలిపేవాడు కాదు. తీశాడు, మోశాడు, వేశాడు. "ఎవరి మన్ను?" అని తనే అడిగేవాడు, తనే పేరు చెప్పేవాడు. గడప గడపకీ "ఆమేన్" లేచేది. ఒక్కో దినం ముగ్గురికి తవ్వేవాడు. తట్టలు మోసి మోసి భుజం మీద గుంట పడింది. ఆ గుంటలో వాన నీళ్ళు నిలిస్తే పిచ్చుకలు తాగిపోయేవి.

ఇంటికి మాత్రం వెళ్ళలేదు. దొడ్డిలోనే పాక వేసుకున్నాడు. లూదియమ్మ గడపకి కూడా అందరి గడపకి వచ్చినంత దూరమే వచ్చేవాడు.

"అన్నం పెట్టాను నాయనా, బండ మీద."

"తింటాలే. నువ్వు లోపలికి పో."

"చిక్కిపోయావు."

"శవాలు బరువమ్మా," అనేవాడు. 

ఒక రోజు పొద్దున్నే తీతయ్య లేచి "ప్రభువా" అనబోయాడు. గొంతు రాలేదు.

మూడు రోజుల లెక్క అతనికి తెలియనిది కాదు. పాలెంలో ఎవరు పోయినా మన్ను మోసింది తను. తనకి మోసేవాడెవడు? చెబితే కూతురు పరిగెత్తుకుని వచ్చి మెడ పట్టుకుని ఏడుస్తుంది. ఆమె వెనక సలోమమ్మ వస్తుంది. సలోమమ్మ వెనక పాలెం అంతా వస్తుంది. వచ్చినవాళ్ళు ఇస్సాకు చావుకి వచ్చినట్టే జ్వరం మోసుకుని పోతారు. చెప్పకపోతే, ఎవరూ లేనివాడిలా మన్ను పడకుండా పోవాలి. ఇదీ ఆ మనిషికి వచ్చిన చిక్కు.

ఆ రోజు తన గొయ్యి తను తవ్వుకున్నాడు. రేపటి జ్వరం అప్పుడే అందుకుంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట పడ్డచోట మన్ను ఇటుకయింది. రెండో రోజు పొద్దున తట్ట ఎత్తుకుని, మూతికి గుడ్డ బిగించి, పాలెంలోకి వచ్చాడు. ఎన్నడూ లేనంత దూరంలో నిలబడి, కర్రతో తట్ట మీద కొట్టాడు. గొంతు గీరుకుంటూ వచ్చింది.

"మన్ను పెట్టండి."

"ఎవరికి తీతయ్యా? చావుగంట కొట్టలేదే?"

"ఊరవతలివాడొకడు."

ఊరవతలివాడికి ఎవరు ఏడుస్తారు? కొందరు గుప్పెడు బదులు చిటికెడు పెట్టారు. కొందరు పేరైనా అడగలేదు. లూదియమ్మ పొయ్యి మీద గంజి పొంగుతుంటే హడావుడిగా వచ్చింది.

"ఎవరు నాయనా?"

"నీకు తెలియదులే. నిండా పెట్టు."

ఆమె దొప్ప నిండా పెట్టింది. తలెత్తి చూసేలోపు గంజి పొంగింది. లోపలికి పరిగెత్తింది. తీతయ్య ఆ గుమ్మం వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తరవాత దొప్ప ఎత్తుకున్నాడు.

సంఘపెద్ద కొమ్ము అహరోను గడప దగ్గర దొప్ప లేదు. చెడ్డవాడు కాదు. భార్యనీ తమ్ముడినీ జ్వరానికి ఇచ్చుకున్నవాడు. మన్ను తీసి తీసి గడపముందు గుంట పడింది.

"ఊరవతలివాడికి కూడా మా మన్నేనా తీతయ్యా?" అన్నాడు. "మావాళ్ళకే ఇవ్వలేక చస్తన్నా. ఈసారికి నన్ను వదిలెయ్యి."

"కొంచెం చాలు మామా."

"వదిలెయ్యమన్నానా!"

తీతయ్య తల ఊపాడు. వెళ్ళిపోయాడు.

తీశాడు. మోశాడు. ఆ రోజు గడపల్లో అందరూ "ఎవరి మన్ను?" అనే కేక కోసం చూశారు. కేక రాలేదు. మర్నాడూ రాలేదు. అయ్యగారు చేతికర్ర పట్టుకుని వాగు దాటారు.

గొయ్యి ఉంది. గోతిలో తీతయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చేతులు గుండె మీద. చచ్చాక కూడా తన ఊపిరి ఎవరికీ తగలకూడదని మూతికి గుడ్డ బిగించే ఉంది. గోతి అంచున చుట్టూ దొప్పలు. వీధి వరసలో ఇళ్ళు ఎలా ఉంటే అలా పేర్చాడు. తల దగ్గర లూదియమ్మది. ఒక్క చోట ఖాళీ.

వెనక అడుగుల చప్పుడు. లూదియమ్మ. అయ్యగారు కర్ర అడ్డం పెట్టారు.

"అక్కడే ఉండమ్మాయ్."

"మా నాయన అయ్యగారూ!"

"నిన్ను రావద్దనే మీ నాయన ఇంత పని చేసుకున్నాడు. ఆయన పని చెడగొట్టకు తల్లీ."

ఆమె అక్కడి నుంచే తన దొప్పని గుర్తుపట్టింది.

"గంజి పొంగుతుందని చూడకుండా పెట్టి పోయానే," అన్నది. "మొహమైనా చూడలేదే."

అయ్యగారు పొడుగాటి వెదురుకర్ర తెచ్చి ఒక్కో దొప్పనీ లోపలికి నెట్టారు. నెడుతూ కేక పెట్టారు. ఆ దూది గొంతు ఆ రోజు వాగు దాటింది, వీధి దాటింది, చివరి గడప దాకా వెళ్ళింది.

"ఎవరి మన్ను? కూతురు లూదియమ్మ మన్ను! ఎవరి మన్ను? సలోమమ్మ మన్ను!"

అప్పుడు తెలిసింది పాలేనికి, ఊరవతలివాడెవడో. చిటికెడు పెట్టినవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గడప గడపకీ "ఆమేన్" లేచింది. వరసలో ఖాళీ వచ్చింది. అయ్యగారు అక్కడ ఆగారు. ఏ పేరూ పిలవలేదు. ఆ నిశ్శబ్దం మొత్తం పాలెం విన్నది. అహరోను గడపలో మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో మన్ను తవ్వుతూనే ఉన్నాడు. మోసేవాడు లేడు.

జ్వరం ఎప్పుడో పోయింది. గుడి తాళం తీశారు. అహరోను బతికినంత కాలం ఎవరు పోయినా అందరికంటే ముందు దొప్ప పట్టుకుని వచ్చేవాడు. అన్నన్ని దొప్పలు ఇచ్చినా ఆ ఒక్కటి ఇవ్వలేదని ఆయన ఏడ్చేవాడట.

ఇప్పటికీ ఆ పాలెంలో చావు జరిగితే గోతి అంచున ఇంటికో దొప్ప పెడతారు. ఊళ్ళో లేనివాళ్ళ పేరున కూడా పెట్టి, "ఎవరి మన్ను?" అని పిలిచి వేస్తారు. దారిన పోయే ఎవడైనా సరే, ఏ కులంవాడైనా సరే, గుమ్మంలో నిలబడి "మన్ను పెట్టండి" అన్నాడా, పెడతారు, దోసెడు నిండా. ఎవరికని మాత్రం ఆ పాలెంలో ఎవరూ అడగరు. చిన్నపిల్లాడు అడిగినా తల్లి నోరు మూస్తుంది.

ఏం, ఆ మూల ఎవరో గొణుగుతున్నారు? వెళ్ళి చూడండి. వాగు దాటే ముందు ఎడమ చేతి వైపు మొదటి ఇల్లు. గడపముందు మోకాలి లోతు గుంట, ఇన్ని తరాలైనా పూడ్చలేదు. గుమ్మంలో ఒక ముసలావిడ కూర్చుని ఉంటుంది. అహరోను మునిమనవరాలు. తమ ఇంటి తప్పు తనే చెబుతుంది, దాచదు. పేరు కొమ్ము కృపావతి.