రాని గాడికి ఇరుసు

కోరుమామిడి సంస్థానంలో బాటలన్నీ రాతివి. బండి చక్రం ఆ రాతిలో తొలిచిన గాడిలోనే నడవాలి. కొత్త గాడి ఎంత వెడల్పుండాలో, అంటే రెండు చక్రాల మధ్య ఎంత ఎడముండాలో, చెప్పేది దివాను విరూపాక్షం గారు. ఆయన చెబుతూనే ఉంటారు.

ఒకసారి ఇరుకు గాడి వస్తుందన్నారు. వడ్రంగి లింగాచారి ఊరి బళ్ళ ఇరుసులన్నీ కోసి పొట్టివి చేశాడు. గాడి రాలేదు. పాత గాడిలో పట్టక బళ్ళన్నీ మూలపడితే, మళ్ళీ పాత కొలత ఇరుసులే వేశాడు. మరోసారి వెడల్పు గాడి అన్నారు. లింగాచారి పొడుగు ఇరుసులు చెక్కాడు. అదీ రాలేదు. ఆ ఇరుసులు వాళ్ళావిడ పొయ్యిలోకి పోయాయి.

ఈసారి దివాను గారే బండెక్కి ఊళ్ళోకొచ్చారు.

"మళ్ళీ ఇరుకు గాడే ఖాయం చేశాం. ఇక మార్పు లేదు. ఇవాళే ఇరుసులన్నీ కోసెయ్యి. కాదంటే నీ పనిముట్లు జప్తు చేయిస్తాను."

లింగాచారికి ఒళ్ళు మండింది. మాట మాత్రం మెత్తగానే వచ్చింది.

"చిత్తం, దొరా. తమరి బండితోనే శ్రీకారం చుడతాను."

బండి కిందకి దూరి ఇరుసు మీద రంపం పెట్టాడు. సగం తెగేసరికి దివాను గారికి సంగతి బోధపడింది.

"ఆగవయ్యా. అది కోసేస్తే నేను ఇంటికెలా పోను?"

"కొత్త గాడిలో వెళ్ళండి, దొరా."

"అదింకా తొలవందే ఎలా వెళతానయ్యా?"

లింగాచారి బండి కింద నుంచి తల బయటపెట్టాడు.

"మా ఊరివాళ్ళూ అదే అడుగుతున్నారండి. తమరొకసారి ఆ గాడిలో మా ఊరికి రండి. తమ బండి చూసి కొలత తీసుకుంటాను."

సగం తెగిన ఇరుసుతో దివాను గారు పాత గాడిలోనే, బహు మెల్లగా ఇంటికి పోయారు.